బ్రాండెడ్ కంప్యూటరులో గ్రాఫిక్స్ కార్డు మార్చాలంటే: ముందు కొలత, తరువాత కొనుగోలు

మా సంఘం కార్యాలయానికి వచ్చే సభ్యులు పంచాంగాలు, పెళ్ళి సంబంధాలతో పాటు ఈమధ్య ఇంకో సంగతి కూడా అడుగుతున్నారు. "మనవడు కంప్యూటరులో గ్రాఫిక్స్ కార్డు వేయించమని పట్టుబడుతున్నాడు. వేయించవచ్చా? ఎంతవుతుంది?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు, తెలిసినదంతా ఒకచోట రాసి పెడితే హోసూరు, బళ్ళారి, బరంపురం, షోలాపూరు, యానాం, ఎక్కడున్న మన కుటుంబాలకైనా పనికొస్తుందని ఈ వ్యాసం.

మేమేమీ ఇంజినీర్లం కాదు. దెబ్బ తిని నేర్చుకున్నవాళ్ళం. మూడేళ్ళ కిందట మా సంఘానికి ఒక ఆఫీసులో వాడి తీసేసిన బ్రాండెడ్ కంప్యూటరు కొన్నాం. మా ఊళ్ళో పెద్దలు ఆడిన పద్యనాటకాల పాత వీడియో క్యాసెట్లు కొన్ని సంఘం బీరువాలో ఉన్నాయి. వాటిని కంప్యూటరులోకి ఎక్కించి, బొమ్మ మీది చుక్కలూ గీతలూ తీయించాలని మా ఆలోచన. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ గ్రాఫిక్స్ కార్డు కావాలంది. సభ్యుల చందా డబ్బుతో జీటీఎక్స్ 1650 కార్డు కొన్నాం. తీరా పెట్టె తెరిచి చూస్తే కార్డు ఎత్తు ఎక్కువ, మూత పడదు. పైగా ఆ కార్డుకు విడిగా కరెంటు తీగ తగిలించాలి, మా కంప్యూటరులో ఆ తీగే లేదు. సీలు తీశాక వెనక్కి తీసుకోమని దుకాణంవారు చెప్పేశారు. చివరికి ఒక సభ్యుడి మనవడు తన పెద్ద పెట్టె కోసం తగ్గింపు ధరకు తీసుకున్నాడు. మిగిలిన నష్టాన్ని సర్వసభ్య సమావేశంలో లెక్క చెప్పుకోవలసి వచ్చింది. ఆ నాటకంలో వేషం కట్టిన ఒక పెద్దాయనకు ఉగాదికి చూపిస్తామని మాట ఇచ్చాం. దసరాకి గానీ చూపించలేకపోయాం.

కార్డు మంచిదే, దుకాణంలో ఇచ్చినదీ మేము అడిగినదే. కొనే ముందు మా పెట్టెను కొలవకపోవడమే మా తప్పు.

అసలు కార్డు అవసరమా?

కంప్యూటరు నెమ్మదిగా ఉందంటే గ్రాఫిక్స్ కార్డే కారణమని చాలామంది అనుకుంటారు. తెలుగులో టైపు చేయడానికి, లెక్కలు రాసుకోవడానికి, ఆన్‌లైన్ క్లాసులకు, యూట్యూబ్ చూడడానికి ప్రాసెసరులోనే ఉండే గ్రాఫిక్స్ చాలు. విడి కార్డు పనికొచ్చేది ఆటలకు, వీడియో ఎడిటింగుకు, బొమ్మలకు ప్రాణం పోసే యానిమేషన్ పనికి, ఆర్కిటెక్చర్, ఇంజినీరింగ్ పిల్లలు చేసే త్రీడీ నమూనాలకు.

దీన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ భాగం చూడండి. ఏ పని చేస్తే కంప్యూటరు మొరాయిస్తోందో ఆ పని నడుస్తుండగానే చూడాలి. డిస్క్ వంద శాతం దగ్గర ఉంటే పాత హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయించండి. మెమరీ నిండిపోతే ర్యామ్ పెంచండి. జీపీయూ అన్న గీత వంద దగ్గర నిలబడి, మిగతావి ఖాళీగా ఉంటేనే కార్డు గురించి ఆలోచించాలి. మా దగ్గరికి వచ్చినవారిలో చాలామందికి ఎస్‌ఎస్‌డీతోనే పని తీరిపోయింది.

ఇంకొక మాట. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అనుమతి. మీ కంప్యూటరు అంతకన్నా పాతదైతే, దానిలో ఖరీదైన కార్డు పెట్టడం కూలబోయే ఇంటికి పాలరాయి పరచడమే.

బ్రాండెడ్ పెట్టెకు ఈ చిక్కులెందుకు?

దుకాణంలో విడి భాగాలు కూర్చి ఇచ్చే అసెంబుల్డ్ కంప్యూటరులో అన్నీ మామూలు కొలతల్లో ఉంటాయి. ఒకటి తీసి ఇంకొకటి పెట్టుకోవచ్చు. డెల్, హెచ్‌పీ, లెనోవో వంటి కంపెనీలు ఆఫీసుల కోసం చేసే పెట్టెలు అలా కావు. వాటిని తక్కువ చోటు, తక్కువ కరెంటు చూసుకుని చేస్తారు. లోపల ఉన్నవాటికి సరిపడా కరెంటు, దానిపైన కొంచెం మాత్రమే మిగులు ఉంచుతారు. అవే పెట్టెలు ఆఫీసుల నుంచి తీసేశాక సెకండ్ హ్యాండులో తక్కువ ధరకు మన ఇళ్ళకు వస్తున్నాయి. పెట్టె బాగానే ఉంటుంది, కానీ దాని హద్దులు దానికి ఉంటాయి. ఆ హద్దులు తెలియాలంటే మూడు కొలతలు చూసుకోవాలి.

మొదటి కొలత: కరెంటు

పెట్టె లోపల కరెంటు ఇచ్చే డబ్బాను దుకాణాల్లో ఎస్‌ఎంపీఎస్ అంటారు. దాని మీది చీటీలో మొత్తం ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. సన్నని ఆఫీసు పెట్టెల్లో ఇది తరచు 180 నుంచి 260 వాట్ల మధ్య, కొంచెం పెద్ద పెట్టెల్లో 300 దాపులో ఉంటుంది.

కార్డు బిగించే పొడుగాటి గాడిని పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎక్స్16 స్లాటు అంటారు. ఆ గాడి నుంచే కార్డుకు 75 వాట్ల దాకా కరెంటు అందవచ్చు. అంతకు మించి కావాలంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా తీగ రావాలి. ఆరు పిన్నుల తీగ ఇంకో 75 వాట్లు, ఎనిమిది పిన్నులది 150 వాట్లు ఇస్తుంది. ఆఫీసు పెట్టెల్లో చాలావాటికి ఈ తీగలు ఉండవు. కొన్ని సన్న పెట్టెల్లో గాడికి 75 వాట్లు కూడా అనుమతించరు. ఆ సంగతి కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది.

లెక్క ఇలా వేసుకోండి. మా కంప్యూటరు ప్రాసెసరు 65 వాట్లది. కార్డు 75. మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు కలిపి ఇంకో 40. మొత్తం 180. మా ఎస్‌ఎంపీఎస్ 260 వాట్లది. అంటే 80 మిగులుంది. అదే 180 వాట్ల డబ్బా అయితే మిగులు సున్నా, పెట్టకూడదు. ప్రాసెసరు మీద రాసిన వాట్లు సగటు లెక్క మాత్రమే, పని ఎక్కువైన క్షణాల్లో అది ఇంకా లాగుతుంది. అందుకే మొత్తం లెక్క డబ్బా శక్తిలో నాలుగింట మూడు వంతులు దాటకుండా చూసుకోమని మా సలహా. జీటీఎక్స్ 1650కి 300 వాట్ల ఎస్‌ఎంపీఎస్ సిఫారసు చేస్తారు. అది ఏ కంప్యూటరుకైనా సరిపోవాలని కాస్త పెంచి చెప్పే అంకె. దానికన్నా తక్కువలో పెట్టదలిస్తే లెక్క మీరే జాగ్రత్తగా వేసుకోవాలి, బాధ్యత కూడా మీదే.

తీగ లేకపోతే హార్డ్ డిస్కుకు వెళ్ళే సాటా తీగను ఆరు పిన్నులుగా మార్చే ముక్క ఒకటి వంద, రెండు వందలకు దొరుకుతుంది. దాని జోలికి వెళ్ళకండి. సాటా కొస 12 వోల్టుల మీద 54 వాట్లు మోయడానికే తయారైంది. ఆరు పిన్నుల కార్డు 75 దాకా లాగగలదు. కొస కరిగిపోయే ప్రమాదం ఉంది.

"అయితే ఎస్‌ఎంపీఎస్సే మార్చేద్దాం" అంటారా? మామూలు ఎస్‌ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకు 24 పిన్నుల తీగ వస్తుంది. ఆఫీసు పెట్టెల్లో చాలావాటికి కంపెనీలు తమ సొంత కొలతల కనెక్టర్లు పెట్టాయి. డబ్బా ఆకారం కూడా వేరు. మార్పిడి తీగలు దొరుకుతాయి గానీ, సన్న పెట్టెలో పెద్ద డబ్బా పట్టదు. పెద్ద టవర్ పెట్టె అయితే, తెలిసినవారి చేత చేయించుకోవచ్చు.

ఇంట్లో యూపీఎస్ ఉంటే దాన్నీ లెక్కలోకి తీసుకోండి. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లే మోస్తుంది. అందులో మానిటరు, మోడెమ్ వాటా కూడా పోవాలి.

రెండో కొలత: చోటు

ఇక్కడే మేము పప్పులో కాలేశాం. కార్డు వెనక ఉండే ఇనుప పట్టీ మామూలు కార్డుకు సుమారు 12 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. సన్న పెట్టెలకు లో ప్రొఫైల్ అనే పొట్టి కార్డు కావాలి, దాని పట్టీ సుమారు 8 సెంటీమీటర్లే. పెట్టె వెనక వైపు ఖాళీ గాళ్ళను మూసిన పట్టీలుంటాయి. స్కేలు పెట్టి వాటి ఎత్తు కొలవండి. ఏ కార్డు పడుతుందో అక్కడే తేలిపోతుంది.

తరువాత పొడవు. గాడి దగ్గర వెనక గోడ నుంచి ముందు వైపు అడ్డొచ్చే మొదటి వస్తువు దాకా కొలవండి. హార్డ్ డిస్కు గూడు, తీగలు అడ్డు రావచ్చు. ఆ తరువాత మందం. చాలా కార్డులు రెండు గాళ్ళ చోటు, అంటే సుమారు 4 సెంటీమీటర్లు తీసుకుంటాయి. పక్కనే ఎస్‌ఎంపీఎస్ ఉంటే ఒక గాడి మందం కార్డే పడుతుంది. ఫ్యాను గాలి పీల్చుకోవడానికి కూడా కాస్త సందు వదలాలి.

అరచేతిలో పట్టే మినీ పెట్టెలు, తెర వెనకే అన్నీ ఉండే ఆల్ ఇన్ వన్ కంప్యూటర్లు చాలావాటిలో ఈ గాడే ఉండదు. వాటికి ఈ ప్రయత్నం మానుకోవడమే మంచిది.

మూడో కొలత: కంప్యూటరు వయసు

స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతకండి. సిస్టమ్ మోడల్, ప్రాసెసర్ పేరు, బయాస్ మోడ్ అన్నీ అక్కడ ఉంటాయి. బయాస్ మోడ్ ఎదుట యూఈఎఫ్ఐ అని ఉంటే నిశ్చింత. లెగసీ అని ఉంటే, ముఖ్యంగా 2012కు ముందటి యంత్రాల్లో, కొత్త కార్డు పెడితే తెర వెలగకపోవచ్చు.

మోడల్ పేరుతో కంపెనీ వెబ్‌సైటులో మాన్యువల్ దొరుకుతుంది. డెల్ అయితే పెట్టె మీది సర్వీస్ ట్యాగ్, హెచ్‌పీ, లెనోవో అయితే సీరియల్ నంబరు కొడితే చాలు. అక్కడే బయాస్ కొత్త కూర్పు ఉంటే కార్డు పెట్టే ముందే ఎక్కించుకోండి. ఎక్కుతుండగా కరెంటు పోకూడదు. అందుకని యూపీఎస్ మీదే ఆ పని చేయాలి. కంప్యూటరు ఇంకా వారంటీలో ఉంటే, మూత తీసే ముందు కంపెనీని అడగండి.

ఏ పెట్టెకు ఏ కార్డు?

ధరలు వారం వారం మారుతాయి కాబట్టి ఇక్కడ రాయడం లేదు. గుణగణాలు మాత్రం ఇవి.

జీటీ 1030: 30 వాట్లు. పొట్టి రకం సులువుగా దొరుకుతుంది. రెండో మానిటరుకు, వీడియోలు చూడడానికి సరిపోతుంది, ఆటలకు చాలదు. దీనిలో డీడీఆర్4 మెమరీ రకం, జీడీడీఆర్5 రకం రెండున్నాయి. మొదటిది బాగా నెమ్మది, వద్దు. పైగా జీటీ 1030, జీటీఎక్స్ 1050 టీఐ తరం కార్డులకు కొత్త ఆటల కోసం ఇచ్చే డ్రైవర్లను ఎన్‌విడియా 2025 అక్టోబరుతో ఆపింది. ఇక భద్రతా సవరణలే వస్తాయి.

జీటీఎక్స్ 1650: 75 వాట్లు, 4 జీబీ మెమరీ. తీగ అక్కరలేని రకాలూ, ఆరు పిన్నుల తీగ కావలసిన రకాలూ ఒకే పేరుతో అమ్ముతారు. పొట్టి రకం కూడా ఉంది. మేము రెండోసారి కొన్నది ఆ పొట్టి రకమే. ఇప్పటికీ నడుస్తోంది.

ఆర్‌ఎక్స్ 6400: 53 వాట్లు, 4 జీబీ. పొట్టి రకాలు, ఒకే గాడి మందంలో వచ్చే రకాలు ఉన్నాయి. ఇది గాడిలో నాలుగు దారులే వాడుకుంటుంది. ఇంటెల్ పదో తరం వరకూ వచ్చిన పాత గాళ్ళలో కొంత వేగం తగ్గుతుంది. వీడియోను ఫైలుగా మార్చే హార్డ్‌వేర్ ఇందులో లేదు. అందుకని ఎడిటింగు చేసేవారు వేరేది చూసుకోండి.

ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీ: 70 వాట్లు. 2024 ఫిబ్రవరిలో వచ్చింది. తీగ అక్కరలేని కార్డుల్లో ఆటలకు, ఎడిటింగుకు రెండింటికీ బాగా పనికొస్తుంది. పొట్టి రకాలున్నాయి. ఇదే పేరుతో 8 జీబీ రకం ఉంది. అది 130 వాట్లు లాగుతుంది, తీగ కావాలి. బిల్లు మీద 6 జీబీ అని రాయించుకోండి.

ఆర్‌టీఎక్స్ 4060: 115 వాట్లు. తీగ తప్పనిసరి, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ సిఫారసు. పెద్ద టవర్ పెట్టెలకే.

ఇంటెల్ ఆర్క్ కార్డులు కూడా వస్తున్నాయి. వాటికి మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఉండాలి. ఇంటెల్ పదో తరానికి ముందటి ఆఫీసు పెట్టెలకు వాటిని వదిలేయండి.

కొనేటప్పుడు

బెంగళూరు ఎస్‌పి రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్, ముంబై లామింగ్టన్ రోడ్డు, ఈ బజార్లన్నింటిలో కొత్తవీ పాతవీ దొరుకుతాయి. దుకాణంలో కన్నడం, తమిళం, మరాఠీ, ఏ భాష మాట్లాడినా అంకెలు అందరికీ ఒకటే. మీ కొలతల చీటీ చూపించండి. అవి దూరమైనవారు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు. అప్పుడు వెనక్కి ఇచ్చే షరతులు ముందే చదవండి.

బిల్లు జీఎస్టీతో ఉండాలి, దాని మీద కార్డు సీరియల్ నంబరు ఉండాలి. వారంటీకి అదే ఆధారం. పాత కార్డు కొంటే నడుస్తుండగా చూడాలి. పాతకాలపు కార్డులకు జీటీఎక్స్ 1050 టీఐ వంటి కొత్త పేర్లు ఎక్కించి అమ్మే మోసం ఉంది. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇలాంటి నకిలీలను చాలావరకు పట్టి చూపిస్తుంది.

మానిటరు సంగతి మరిచిపోకండి. ఇళ్ళల్లో ఇంకా నీలిరంగు వీజీఏ తీగ మానిటర్లున్నాయి. ఇప్పటి కార్డులకు ఆ రంధ్రం లేదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టరు అదే రోజు తెచ్చుకోండి.

బిగించే పద్ధతి

1. కంప్యూటరులోని ముఖ్యమైన ఫైళ్ళ నకలు వేరే డిస్కులో పెట్టుకోండి.

2. కంప్యూటరు ఆపి, వెనక కరెంటు తీగ పూర్తిగా పీకేయండి. ఆ తరువాత పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది.

3. పెట్టెను బల్ల మీద పడుకోబెట్టి పక్క మూత తీయండి. దుమ్ము ఉంటే మెత్తని బ్రష్షుతో దులపండి. లోపల చేయి పెట్టే ముందు పెట్టె ఇనుప భాగాన్ని ముట్టుకోండి. ఒంట్లోని స్థిర విద్యుత్తు అటు పోతుంది.

4. గాడి ఎదుటి ఇనుప పట్టీ తీయండి. పాత కార్డు ఉంటే గాడి చివర చిన్న క్లిప్పు నొక్కి తిన్నగా పైకి తీయండి.

5. కొత్త కార్డును అంచులు పట్టుకుని గాడిలో నిటారుగా పెట్టి నొక్కండి. క్లిప్పు టక్కుమని పడాలి. పట్టీకి స్క్రూ బిగించండి. తీగ కావలసిన కార్డు అయితే తగిలించండి.

6. మానిటరు తీగను కార్డు రంధ్రానికే పెట్టండి. మదర్‌బోర్డు రంధ్రానికి పెట్టి "కార్డు పనిచేయడం లేదు" అని వచ్చినవారు మా దగ్గరే నలుగురున్నారు.

7. విండోస్ తెరుచుకున్నాక ఎన్‌విడియా, ఏఎమ్‌డీ లేదా ఇంటెల్ వెబ్‌సైటు నుంచే డ్రైవరు దించుకోండి.

తెర వెలగకపోతే కంగారు పడకండి. కార్డు తీసి మళ్ళీ నొక్కి పెట్టి చూడండి. అయినా రాకపోతే కార్డు తీసేసి, మానిటరును పాత రంధ్రానికే పెట్టండి. అప్పుడు వెలిగితే కంప్యూటరుకు ఏమీ కాలేదన్నమాట. బయాస్ కూర్పు, అందులోని గ్రాఫిక్స్ అమరిక చూడాలి. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే దానిలో సొంత గ్రాఫిక్స్ ఉండదు. అలాంటి కంప్యూటరుకు ఈ పరీక్ష పనికిరాదు. ఆట మొదలుపెట్టగానే కంప్యూటరు ఆరిపోతుంటే కరెంటు చాలడం లేదేమో ముందు అనుమానించండి. కార్డు తీసేసి లెక్క మళ్ళీ వేసుకోండి.

జేబులో పెట్టుకోవలసిన చీటీ

ముప్పై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసినందుకు మాకు కాగితం మీద లేనిది నమ్మడం అలవాటు లేదు. అయినా ఆ ఒక్కసారి రాసుకోకుండా బజారుకు వెళ్ళాం. మీరు మాత్రం ఈ ఆరు సంగతులు రాసుకోనిదే ఇల్లు కదలకండి: కంప్యూటరు మోడల్, ఎస్‌ఎంపీఎస్ వాట్లు, విడి తీగ ఉందా లేదా, పట్టీ ఎత్తు, లోపలి పొడవు మరియు గాళ్ళ మందం, మానిటరు రంధ్రం రకం.

మనవడో మనవరాలో అడిగారని ఆ కొలతలు మీరొక్కరే తీయకండి. స్కేలు వాళ్ళ చేతికే ఇచ్చి, అంకెలు మీరు రాసుకోండి. తెలుగులోనే చెప్పించి తెలుగులోనే రాయండి. రాసిన చీటీని కార్డు బిల్లుతో పాటు భద్రపరచండి. మళ్ళీ ఏ భాగం మార్చవలసి వచ్చినా అదే పనికొస్తుంది. మా సంఘం చీటీ ఇప్పుడు ఆ కంప్యూటరు పక్క మూతకే లోపలి వైపు అంటించి ఉంది.